రిపోర్టు బాగుంది... మరి మంట తగ్గదేం?

"డాక్టరుగారూ! ఇ.ఎస్.ఆర్. దిగిపోయింది. సి.ఆర్.పి. నార్మల్ అని రాశారు. మరి నాకీ మంట తగ్గదేం?"

అక్కి వచ్చి మానిన తర్వాత ఆస్పత్రి మెట్లెక్కే పెద్దవాళ్ళలో చాలామంది వేసే ప్రశ్న ఇది. పొక్కులు ఎండి పెచ్చులు రాలిపోయి ఉంటాయి. నాలుగు మచ్చలు తప్ప వొంటిమీద మరేమీ కనిపించదు. ల్యాబు కాగితాలు తిరగేస్తే అంతా సవ్యంగానే ఉంటుంది. అయినా రాత్రిళ్ళు కంటిమీద కునుకుండదు. చొక్కా తగిలితే మంట, దుప్పటి కప్పుకుంటే మంట, ఫాను గాలి సోకినా మంట. ఇంట్లోవాళ్ళు మాత్రం ఏం చేస్తారు? "రిపోర్టుల్లో ఏమీ లేదుగా! నువ్వే దాన్ని పట్టించుకోవడం మానెయ్యి" అంటారు. నొప్పి పడేవారికి ఆ మాట పుండుమీద కారంలా ఉంటుంది.

ఇంకో రకం వాళ్ళూ ఉన్నారు. పొక్కులు లేచీ లేవగానే డాక్టరు దగ్గరకు కాక, ముందు ల్యాబుకు వెళతారు. "రక్తంలో ఏముందో తెలిస్తే కదా మందు" అనుకుంటారు. రిపోర్టు చేతికొచ్చేసరికి మందు బాగా పనిచేసే రోజులు కాస్తా దాటిపోతాయి.

ఈ ఇద్దరి చిక్కూ ఒకటే. రక్తపరీక్ష ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో తెలియకపోవడం. ఈ వారం ఆ సంగతి తేల్చుకుందాం.

నిద్ర లేచిన పాత శత్రువు

అక్కి అనే పేరును మనవాళ్ళు రెండు మూడు రకాల చర్మపు జబ్బులకు వాడుతుంటారు. నేనిక్కడ చెబుతున్నది, వొంటికి ఒకే పక్కన, ఒక పట్టీలాగా, గుత్తులు గుత్తులుగా నీటిపొక్కులు లేచి విపరీతంగా మంటపెట్టే జబ్బు గురించి. దీన్నే కొందరు సర్పి అంటారు. డాక్టర్లు హెర్పిస్ జోస్టర్ అంటారు.

ఇది బయటి నుంచి కొత్తగా వచ్చి పడిన జబ్బు కాదు. చిన్నప్పుడు మీకు ఆటలమ్మ పోసింది కదూ? ఆ వైరస్సే ఇది. ఆటలమ్మ తగ్గాక ఆ వైరస్ వొంట్లోంచి పూర్తిగా పోదు. వెన్నుపాము పక్కన, ప్రతి నరానికీ మొదట్లో ఒక చిన్న ముడి ఉంటుంది. ముఖానికి సంబంధించిన నరాలకు ఇలాంటి ముడులు తలలోనే ఉంటాయి. ఆ ముడుల్లో దూరి ఏళ్ళ తరబడి నిద్రపోతుంది. వయసు మీదపడి రోగనిరోధక శక్తి తగ్గినప్పుడో, క్యాన్సరు మందులు, స్టిరాయిడ్లు వాడుతున్నప్పుడో, ఒక్కోసారి కనిపించే కారణమేదీ లేకుండానో మేలుకుంటుంది.

ఈ రహస్యాన్ని బయటపెట్టిన వారిలో ఒకరు పెద్ద ప్రయోగశాలలో పనిచేసిన శాస్త్రజ్ఞుడేమీ కాదు. ఇంగ్లండులో సైరెన్సెస్టర్ అనే చిన్న పట్నంలో ప్రాక్టీసు చేసుకునే ఎడ్గర్ హోప్-సింప్సన్ అనే డాక్టరు. 1947 నుంచి 1962 వరకు, 16 ఏళ్ళపాటు, తన దగ్గరకు వచ్చిన ప్రతి అక్కి రోగి వివరాలూ శ్రద్ధగా రాసి పెట్టుకున్నాడు. మొత్తం 192 మంది. వయసు పెరిగే కొద్దీ జబ్బు ఎక్కువవుతున్నదని గమనించాడు. ఆటలమ్మ వైరస్సే నరాల్లో దాగి ఉండి, శరీరం అదుపు సడలినప్పుడు బయటికి వస్తుందని 1965లో ప్రకటించాడు. తర్వాతి పరిశోధనలు ఆయన మాటే నిజమని తేల్చాయి. ఈ జబ్బులో రోగి వయసు, మాట, శరీరం చెప్పే సంగతులు ఎంత విలువైనవో చెప్పడానికి ఆయన నోటు పుస్తకమే సాక్ష్యం.

చర్మం మీద కనిపించేది సగమే

మేలుకున్న వైరస్ ముందుగా నరపు ముడిలోనే పెరుగుతుంది. అక్కడ వాపు పుడుతుంది. అందుకే పొక్కులు రావడానికి రెండు మూడు రోజుల ముందునుంచే ఆ చోట సలపరం, మంట, సూదులు గుచ్చినట్టు పోట్లు మొదలవుతాయి. ఎడమ పక్క ఛాతీమీద వస్తే గుండెనొప్పి అని హడలిపోయేవారున్నారు. నడుం పక్కన వస్తే కిడ్నీలో రాయి అనుకునేవారున్నారు. తర్వాత వైరస్ ఆ నరం వెంబడే ప్రయాణం చేసి చర్మాన్ని చేరుతుంది. అప్పుడు పొక్కులు లేస్తాయి.

ఒక్కో నరం శరీరానికి ఒక పక్కనే, ఒక పట్టీ మేరకే చర్మాన్ని ఏలుతుంది. అందుకే పొక్కులు సాధారణంగా వెన్ను మధ్యగీత దగ్గర, పొట్ట మధ్యగీత దగ్గర ఆగిపోతాయి. 'నడుం చుట్టూ తిరిగి తలా తోకా కలిస్తే ప్రాణానికే ముప్పు' అని మనవాళ్ళలో ఒక భయం ఉంది. నరం అమరికే అలాంటిది కనుక తలా తోకా కలవడం మామూలుగా జరగదు. ఎప్పుడో అరుదుగా రెండు పక్కలా వచ్చినా, ప్రాణం పోవడానికి అది గుర్తు కాదు. రోగనిరోధక శక్తి బాగా తగ్గిందేమో చూడమని చెప్పే హెచ్చరిక మాత్రమే.

జాజు పూయించడం, బొమ్మలు గీయించడం మన ఊళ్ళలో తరతరాలుగా ఉన్నదే. పొక్కులు రెండు నుంచి నాలుగు వారాల్లో వాటంతట అవే మానతాయి కాబట్టి, పూతవల్లే మానాయనిపిస్తుంది. నమ్మకాన్ని నేను వెక్కిరించను. కాని పూత చర్మం మీద ఉంటుంది, జబ్బు నరంలో ఉంటుంది. పైగా పచ్చి పొక్కుల మీద మట్టి, పసరు, సున్నం పెడితే చీము పట్టే ప్రమాదం ఉంది.

రక్తం చెప్పే వార్త

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. వొంట్లో ఎక్కడైనా దెబ్బ తగిలినా, సూక్ష్మజీవి చొరబడినా అక్కడ ఎర్రబడుతుంది, వేడెక్కుతుంది, వాస్తుంది, నొప్పెడుతుంది. దీన్నంతా కలిపి ఇన్‌ఫ్లమేషన్ అంటారు. అది మన శరీరం చేసే యుద్ధం. ఆ యుద్ధం జరుగుతున్న చోట కణాలు కొన్ని రసాయనాలను రక్తంలోకి వదులుతాయి. వాటిలో ముఖ్యమైనది ఇంటర్‌ల్యూకిన్-6. ఇది రక్తంలో ప్రయాణించి కాలేయాన్ని చేరి 'యుద్ధం వచ్చింది, సరుకు పంపు' అని కబురు చెబుతుంది. కాలేయం వెంటనే సి-రియాక్టివ్ ప్రొటీన్, ఫైబ్రినోజన్ వంటి పదార్థాలను తయారుచేసి రక్తంలోకి పంపుతుంది.

ఆ సి-రియాక్టివ్ ప్రొటీనే మీ రిపోర్టులో కనిపించే సి.ఆర్.పి. 1930లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థలో టిల్లెట్, ఫ్రాన్సిస్ అనే ఇద్దరు వైద్యులు న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని మొదటిసారి గుర్తించారు. ఇది గంటల్లో పెరుగుతుంది, దాదాపు రెండు రోజుల్లో శిఖరానికి చేరుతుంది, కారణం తొలగితే త్వరగానే దిగుతుంది.

ఇక ఇ.ఎస్.ఆర్. ఇంకా పాత పరీక్ష. స్వీడన్ వైద్యుడు వెస్టర్‌గ్రెన్ 1921లో స్థిరపరచిన పద్ధతినే ఇప్పటికీ ప్రమాణంగా తీసుకుంటారు. గడ్డకట్టకుండా మందు కలిపిన రక్తాన్ని సన్నటి గాజు గొట్టంలో నిలబెట్టి, గంటలో ఎర్రకణాలు ఎన్ని మిల్లీమీటర్లు కిందికి దిగాయో చూస్తారు. రక్తంలో ఫైబ్రినోజన్ పెరిగితే ఎర్రకణాలు రూపాయి నాణేల దొంతరలా ఒకదానికొకటి అంటుకుని త్వరగా దిగుతాయి. అంకె పెరుగుతుంది.

మూడోది, ఈమధ్య తరచు వినిపిస్తున్నది, న్యూట్రోఫిల్స్‌కూ లింఫోసైట్స్‌కూ ఉన్న నిష్పత్తి. దీనికి వేరే పరీక్ష అక్కర్లేదు. టి.సి., డి.సి. అని మనం ఎప్పటినుంచో చేయించుకునే తెల్లకణాల లెక్కలోనే ఇది ఉంది. న్యూట్రోఫిల్స్ 72, లింఫోసైట్స్ 18 అని ఉంటే, 72ని 18తో భాగిస్తే 4 వస్తుంది. ఆరోగ్యవంతుల్లో ఇది సాధారణంగా 1కీ 3కీ మధ్య ఉంటుంది. వొంట్లో ఒత్తిడి, ఇన్‌ఫ్లమేషన్ పెరిగితే ఇదీ పెరుగుతుంది.

అక్కి వచ్చినవారిలో ఇవన్నీ పెరుగుతాయా? పెరగవచ్చు. కొందరిలో కొద్దిగా పెరుగుతాయి, కొందరిలో అసలు పెరగవు. తర్వాత నొప్పి మిగిలిపోయినవారిని, మిగలనివారిని పోల్చి చూసిన ఇటీవలి కొన్ని పరిశోధనల్లో, నొప్పి మిగిలిపోయిన వారికి మొదట్లో ఇంటర్‌ల్యూకిన్-6, ఈ నిష్పత్తి వంటివి సగటున కొంత ఎక్కువగా ఉన్నట్టు కనిపించింది. ఇది ఆసక్తికరమైన సంగతే. నరంలో వాపు ఎక్కువైతే నరం ఎక్కువ దెబ్బతింటుందన్న ఊహకు బలమిస్తుంది.

కాని సగటు వేరు, మనిషి వేరు. పదిమంది సగటు ఎత్తు చూసి పదకొండో మనిషి ఎత్తు చెప్పలేం. ఆ అంకెలు ఎక్కువగా ఉన్నవారిలో చాలామందికి నొప్పి మిగల్లేదు, తక్కువగా ఉన్నవారిలో కొందరికి మిగిలింది. కనుక 'ఈ రిపోర్టు ప్రకారం మీకు నొప్పి మిగులుతుంది' అనిగాని, 'మిగలదు' అనిగాని చెప్పగల రక్తపరీక్ష ఏదీ ఇవాళ డాక్టరు చేతిలో లేదు.

పొగ చూసి ఇల్లు చెప్పగలమా?

ఎందుకు చెప్పలేమో చూడండి. వీధి చివర నిలబడితే ఆకాశంలో పొగ కనిపిస్తుంది. ఎక్కడో మంట ఉందని తెలుస్తుంది. అంతే. అది ఏ ఇల్లో, వంటింటి పొయ్యో, గడ్డివామో, లోపల ఏ సామాను కాలిపోయిందో పొగ చెప్పదు. రక్తంలోని ఈ అంకెలు కూడా అలాంటి పొగే.

రక్తహీనత ఉంటే ఇ.ఎస్.ఆర్. పెరుగుతుంది. మన ఇళ్ళలో రక్తహీనత లేని ఆడవాళ్ళు ఎందరు? గర్భిణికి పెరుగుతుంది. వయసుతోపాటు పెరుగుతుంది. మగవారికి వయసులో సగం, ఆడవారికి వయసుకు 10 కలిపి అందులో సగం వరకు ఉండవచ్చునని డాక్టర్లు ఒక వాడుక లెక్క వేసుకుంటారు. అంటే 70 ఏళ్ళ పెద్దావిడకు 40 ఉన్నా గాభరా పడనక్కర్లేదు. పంటి చిగుళ్ళ వాపు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్, కీళ్ళవాతం, స్థూలకాయం, పొగతాగడం వీటిలో ఏదున్నా సి.ఆర్.పి. కొంత పెరగవచ్చు. స్టిరాయిడ్ మాత్రలు వేసుకుంటే న్యూట్రోఫిల్స్ పెరిగి నిష్పత్తి తారుమారవుతుంది.

రెండో కారణం ఇంకా ముఖ్యమైంది. నరపు ముడి ఎంత ఉంటుంది? చిన్న గింజంత. అందులో రేగిన మంట పొగ రక్తమంతటా తెలిసేంత ఉండాలని లేదు. కాని ఆ చిన్న చోట కాలినవి మాత్రం మామూలువి కావు, నొప్పిని మెదడుకు చేరవేసే తీగలు.

ఇక 'రిపోర్టు బాగుంటే మంట తగ్గదేం' అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. దిగిపోయాయంటే యుద్ధం ముగిసిందని అర్థం. యుద్ధంలో దెబ్బతిన్న తీగలు బాగయ్యాయని కాదు. ఇంట్లో కరెంటు తీగ మీది రబ్బరు కాలిపోయిందనుకోండి. మంట ఆర్పేస్తాం, పొగ పోతుంది. కాని ఆ తీగ తాకినప్పుడల్లా షాకు కొడుతూనే ఉంటుంది. దెబ్బతిన్న నరం కూడా అంతే. తాకినా తాకకపోయినా 'నొప్పి, నొప్పి' అని మెదడుకు తప్పుడు కబుర్లు పంపుతూనే ఉంటుంది. ఇలాంటి నొప్పితో బాధపడి, తర్వాత మరే కారణం వల్లనో చనిపోయిన వారిని పరీక్షించిన వైద్యులు, నరపు ముడిలోనూ, వెన్నుపాములో ఆ నరం చేరే భాగంలోనూ కణాలు నశించి కుంచించుకుపోయి ఉండటం చూశారు. కనుక ఆ నొప్పి కల్పన కాదు, నటన కాదు. చూపించడానికి ఇ.ఎస్.ఆర్. గొట్టం చాలదు, అంతే.

మా ఓ.పి.కి వచ్చిన ఒక రిటైర్డు మాష్టారికి 68 ఏళ్ళు. నాలుగు నెలల కిందట ఛాతీ కుడిపక్కన అక్కి వచ్చి మానింది. బనీను వేసుకోలేక, పైన తువ్వాలు కప్పుకుని, దాన్ని కూడా చేత్తో వొంటికి తగలకుండా ఎత్తి పట్టుకుని కూర్చున్నారు. వెంట వచ్చిన కొడుకు చేతిలో లావుపాటి ఫైలు. ఐదుసార్లు రక్తపరీక్షలు. ఇ.ఎస్.ఆర్. 42 నుంచి 14కు దిగింది. "అన్నీ నార్మలే సార్! నాన్నగారే మనసులో పెట్టుకున్నారు" అన్నాడు కొడుకు. మాష్టారు తలవంచుకున్నారు. కొడుకుని దగ్గరకు పిలిచి, చిన్న దూదిపింజ ఇచ్చి, తండ్రి ఎడమపక్క వీపుమీద నిమరమన్నాను. ఏమీ కాలేదు. కుడిపక్క, మచ్చల మీద నిమరమన్నాను. దూది తగలగానే ఆయన అదిరిపడి, కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొడుకు మరి మాట్లాడలేదు. ఐదు రిపోర్టులు చూపించలేనిది ఒక దూదిపింజ చూపించింది.

మరి దేన్ని చూడాలి?

పొక్కులు మానిన తర్వాత కూడా నొప్పి ఉండవచ్చు. అక్కి మొదలై మూడు నెలలు దాటినా మిగిలిపోయిన నొప్పిని 'పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా' అంటారు. మొత్తంమీద అక్కి వచ్చిన ప్రతి పదిమందిలో ఒకరిద్దరికి ఇది మిగులుతుంది. ఎవరికి మిగిలే అవకాశం ఎక్కువో చెప్పడానికి రక్తం కంటే ఈ గుర్తులే నమ్మదగినవి:

ఒకటి, వయసు. 50 దాటితే పెరుగుతుంది, 60 దాటితే మరింత. రెండు, పొక్కులు రాకముందే నొప్పి మొదలవడం. మూడు, మొదటి రోజుల్లోనే నిద్రపట్టనంత నొప్పి. నాలుగు, పొక్కులు దట్టంగా, ఎక్కువ మేర లేవడం. ఐదు, నుదురు, కన్ను ప్రాంతంలో రావడం. ఆరు, రోగనిరోధక శక్తి తగ్గి ఉండటం. వీటిని తెలుసుకోవడానికి కావలసినవి రెండు కళ్ళు, రెండు చెవులు. పైసా ఖర్చు లేదు.

ఆ 72 గంటలు

పొక్కులు మొదలైన 72 గంటల లోపల వైరస్‌ను అణిచే మందు మొదలుపెట్టాలి. ఎసైక్లోవిర్, వాలాసైక్లోవిర్, ఫామ్‌సైక్లోవిర్ అనేవి ఆ మందులు. ఎసైక్లోవిర్‌ను మామూలుగా పెద్దవారికి 800 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు అయిదుసార్లు, ఏడు రోజులు ఇస్తారు. ఇది మీ అంతట మీరు కొనుక్కుని వాడమని చెప్పడం లేదు సుమా! కిడ్నీలు సరిగా పనిచేయని వారికి మోతాదు తగ్గించాలి. మందు వాడేటప్పుడు మంచినీళ్ళు బాగా తాగాలి. ఈ మందులు పొక్కులను త్వరగా మాన్పుతాయి, మొదటి రోజుల నొప్పిని తగ్గిస్తాయి. నొప్పి ఎప్పటికీ మిగలకుండా చేస్తాయని గట్టిగా హామీ ఇవ్వలేం. అయినా నరాన్ని కాల్చే వైరస్‌ను తొందరగా అణచడం మన చేతిలో ఉన్న పని.

ఇప్పుడు లెక్క వేసి చూడండి. సోమవారం పొక్కులు లేచాయి. చీమ కుట్టిందేమో అనుకున్నారు. మంగళవారం పక్కింటివారు చెబితే జాజు పూయించారు. బుధవారం ల్యాబులో ఏదో ప్యాకేజీ కింద ముప్ఫై రకాల పరీక్షలకు రక్తమిచ్చారు. రిపోర్టు గురువారం సాయంత్రం. శుక్రవారం డాక్టరు దగ్గరకు. గడువు గురువారమే దాటిపోయింది! అక్కిని చాలావరకు కంటితో చూసే గుర్తుపట్టవచ్చు. రిపోర్టు కోసం మందు ఆపవలసిన పని లేదు.

అయితే 72 గంటలు దాటాయి కదా అని ఇంట్లో కూర్చోకండి. కొత్త పొక్కులు ఇంకా లేస్తున్నా, కంటి దగ్గర వచ్చినా, రోగనిరోధక శక్తి తక్కువున్నా ఆలస్యమైనా మందు ఇస్తారు. నుదుటి మీద, ముఖ్యంగా ముక్కు పక్కన, ముక్కు కొన మీద పొక్కులు కనిపిస్తే కంటికి ప్రమాదం ఉందని గుర్తు. ఆ రోజే కంటి డాక్టరును చూడాలి. చెవిలో పొక్కులు వచ్చి మూతి పక్కకు పోతే అదీ అత్యవసరమే.

ఇంకొక మాట. పొక్కుల్లోని నీటిలో వైరస్ ఉంటుంది. అది తగిలితే ఇదివరకు ఆటలమ్మ రానివారికి ఆటలమ్మ వస్తుంది. పెచ్చు కట్టేవరకు పొక్కుల మీద శుభ్రమైన గుడ్డ కప్పండి. గర్భిణులను, పసిపిల్లలను దగ్గరకు రానివ్వకండి.

అవసరమైన పరీక్షలు లేకపోలేదు

పరీక్షలన్నీ దండగ అని నా ఉద్దేశం కాదు. మోతాదు నిర్ణయించడానికి పెద్దవారికి క్రియాటినిన్ చూడాలి. చక్కెరవ్యాధి ఉందేమో చూసుకోవాలి. వయసులో ఉన్నవారికి తీవ్రంగా వచ్చినా, ఒకటికి రెండుసార్లు వచ్చినా, వొంటి నిండా పొక్కులు లేచినా హెచ్.ఐ.వి. పరీక్ష చేయించడం మంచిది. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు. అక్కి అంతగా లేకుండానే సి.ఆర్.పి. బాగా పెరిగి జ్వరం ఉంటే, మరో ఇన్‌ఫెక్షన్ కోసం వెతకాలి. ఇవన్నీ మందు మొదలుపెట్టి, పక్కనే చేయించుకోవచ్చు. అక్కి తగ్గాక నెలనెలా ఇ.ఎస్.ఆర్. చేయించడం వల్ల మాత్రం ప్రయోజనం లేదు. అంకె దిగినా ఎక్కినా నరపు నొప్పి వైద్యం మారదు.

నొప్పి మిగిలిపోతే

మామూలు నొప్పి మాత్రలు దీనికి అంతగా పనిచేయవు. పైగా పెద్దవారు ఆ మాత్రలు రోజుల తరబడి మింగితే కడుపులో పుండ్లు, కిడ్నీలకు చేటు. దెబ్బతిన్న నరం పంపే తప్పుడు కబుర్లను అణిచే మందులు వేరే ఉన్నాయి. ఎమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్, ప్రిగాబాలిన్ అనేవి వాటిలో ముఖ్యమైనవి. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. ఫలితం కనిపించడానికి రెండు మూడు వారాలు పడుతుంది.

ఇక్కడొక తంటా ఉంది. మందు చీటీ చూసి తెలిసినవారెవరో "ఇది డిప్రెషన్‌కి ఇచ్చే మాత్ర కదా, అది ఫిట్స్‌కి ఇచ్చేది కదా" అంటారు. రోగి భయపడి మానేస్తాడు. నిజమే, ఆ జబ్బులకూ వాడతారు. కాని తక్కువ మోతాదులో నరపు నొప్పికి పనిచేస్తాయని రుజువైనవే. మొదట్లో మత్తు, తూలు, నోరు ఎండిపోవడం, మలబద్ధకం ఉండవచ్చు. రాత్రిపూట లేచేటప్పుడు మంచం మీద రెండు నిమిషాలు కూర్చుని లేవండి. ప్రొస్టేట్ వాపు, గ్లాకోమా, గుండెజబ్బు ఉంటే డాక్టరుకు ముందే చెప్పండి. హఠాత్తుగా మానేయకండి. చర్మం పూర్తిగా మానాక తిమ్మిరెక్కించే లిడోకెయిన్ పట్టీలు కూడా కొందరికి ఉపశమనమిస్తాయి. స్టిరాయిడ్లు ఈ నొప్పి మిగలకుండా ఆపలేవని పరిశోధనలు తేల్చాయి. 'నరాల బలానికి' అంటూ వారం వారం పొడిపించుకునే ఇంజక్షన్లు, విటమిన్ లోపం లేనివారికి, ఈ మంటను తగ్గిస్తాయన్న ఆశ పెట్టుకోవద్దు.

వదులుగా ఉండే మెత్తటి నూలు బట్టలు కట్టుకోండి. గరుకు బట్ట రాసుకుంటుంటే కంటే, మెత్తటి గుడ్డ వొంటికి అంటిపెట్టుకుని ఉంటే కొందరికి హాయిగా ఉంటుంది. చన్నీళ్ళ గుడ్డ వేయండి, ఐసు మాత్రం నేరుగా పెట్టవద్దు. చాలామందిలో ఈ నొప్పి నెలలు గడిచేకొద్దీ తగ్గుముఖం పడుతుంది. కొద్దిమందికి ఏళ్ళ తరబడి ఉంటుంది. వారికీ బాధ సగానికి తగ్గించి, రాత్రి నిద్ర తెప్పించగలిగితే అది చిన్న విజయం కాదు.

రాకుండా చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. అక్కి రాకుండా ఇప్పుడు టీకా ఉంది. 2015లో వెలువడిన పెద్ద పరిశోధనలో, 50 ఏళ్ళు దాటిన 15 వేల మందికి పైగా పాల్గొన్నారు. అక్కి రాకుండా ఈ టీకా 97 శాతం కాపాడినట్టు తేలింది. 70 దాటినవారిలో కూడా దాదాపు 90 శాతం రక్షణ ఇచ్చింది. అక్కే రాకపోతే మిగిలే నొప్పి ప్రసక్తే లేదు. 2023 నుంచి మన దేశంలోనూ ఇది దొరుకుతోంది. రెండు నుంచి ఆరు నెలల ఎడంతో రెండు డోసులు. ఒకటి రెండు రోజులు చెయ్యి నొప్పి, కొద్దిగా జ్వరం రావచ్చు. ఖరీదు మాత్రం ఎక్కువే, అందరూ భరించగలిగేది కాదు. స్తోమతు ఉన్నవారు, ముఖ్యంగా 50 దాటినవారు, మీ డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోండి. అక్కి ఉన్నప్పుడు వేసుకునే మందు కాదిది, తగ్గాక వేసుకునేది.

టీకా కొనలేని ఇళ్ళలో కూడా చేయగలిగినవి రెండున్నాయి. వొంటికి ఒకపక్క మంట, దానిమీద పొక్కుల గుత్తి కనిపిస్తే ల్యాబు గుమ్మం కంటే ముందు డాక్టరు గుమ్మం తొక్కండి. దగ్గరలోని ప్రభుత్వాసుపత్రి అయినా సరే, ఆ రోజే వెళ్ళండి.

రెండోది, పొక్కులు మానాక ఇంట్లో పెద్దవారు "మంటగా ఉందర్రా" అంటే, ఫైలు తెరిచి చూడకండి. ఎక్కడ, ఎప్పుడు, ఏం తగిలితే మంటో అడగండి. వారు చెప్పింది ఒక కాగితం మీద రాసి తీసుకురండి. నరపు నొప్పికి సరైన మందు, సరైన మోతాదు నిర్ణయించడానికి మాకు కావలసిన రిపోర్టు అదే.